'నెవర్ ఎండింగ్ స్టోరీ'లో గుర్రం సీన్ చూసి పాప నిద్రలో లేచి ఏడుస్తోంది

మిఖాయెల్ ఎండె పిల్లల నవల ఆధారంగా 1984లో వచ్చిన ఈ సినిమాను పోయిన శనివారం మా ఏడేళ్ల పాపకు చూపించాం. ఆర్టాక్స్ అనే గుర్రం బురదలో కూరుకుపోతుంటే దాని మీద తిరిగే కుర్రాడు ఆట్రేయు కళ్లెం పట్టుకుని లాగుతూ ఏడుస్తాడు కదా, అక్కడ పాప బిగుసుకుపోయింది. అప్పటి నుంచి రాత్రి రెండింటప్పుడు లేచి "గుర్రానికి ఊపిరాడట్లేదు" అంటూ వెక్కుతోంది. పగలు మామూలుగానే తింటోంది, ఆడుకుంటోంది.

చివర్లో ఆర్టాక్స్ మళ్లీ పరిగెత్తే భాగం చూపిస్తే "అది వేరే గుర్రం" అంది. అంతా నటనేనని చెప్పినా నమ్మలేదు. లైటు వేసి పడుకోబెట్టినా అంతే. సినిమా మాత్రం నిజంగా గొప్పది, దాన్ని తప్పు పట్టను.

మీ పిల్లలు ఇలా భయపడినప్పుడు ఆ సీన్‌ని పక్కన కూర్చుని మళ్లీ చూపించడం పనిచేసిందా, కొన్నాళ్లు దాని ఊసే ఎత్తకపోవడం పనిచేసిందా?