మెడనొప్పికి ఫిజియో దగ్గర నొక్కించుకోవడం: పనికొస్తుందా, డబ్బు దండగా?

గ్రూప్స్_రెండోసారి (అశోక్‌నగర్)
రోజుకు పదకొండు గంటలు స్టడీ హాల్లోనే ఉంటున్నా. రెండు నెలలుగా మెడ నుంచి కుడి రెక్క దాకా ఒకటే లాగుడు, సాయంత్రానికి సలుపు. ఫిజియో అక్క భుజం మీద బొటనవేలితో నొక్కితే లోపల చింతగింజంత ముడి తగిలింది, నొప్పి చెవి వెనక్కి పాకింది. అరగంట నొక్కాక మెడ తేలికైంది. మూడో రోజుకి మళ్ళీ మొదలు. సిట్టింగ్‌కి నాలుగొందలు, ఎనిమిది సిట్టింగ్‌లు కావాలట. రూమ్మేట్ ‘దండగ, వ్యాయామం చెయ్’ అంటున్నాడు. నాన్న పంపేది లెక్కపెట్టుకుని వాడుకుంటున్నా. ఏం చెయ్యమంటారు?

బీపీటీ_ఇంటర్న్
తమ్ముడూ, అక్క నొక్కింది ట్రపీజియస్ పైభాగం, అంటే మెడ నుంచి భుజం మీదకి దిగే కండ. ఆ ముడిని ట్రిగ్గర్ పాయింట్ అంటారు. ట్రావెల్, సైమన్స్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు 1983లో రాసిన పుస్తకంతో ఈ మాట మా ఫిజియోథెరపీ కోర్సుల్లో స్థిరపడింది. ఒకచోట నొక్కితే ఇంకోచోట నొప్పి తెలియడం అందులో చెప్పిందే. నొక్కి పట్టుకుంటే కండ వదులవుతుంది, మెడ తిరుగుతుంది. ఇది రోజూ నా చేతుల కింద చూస్తున్నా. దండగ అంటే ఒప్పుకోను.

ఆధారం_చూపండి
మెడ తిరుగుతుంది, సరే. ఎన్నాళ్ళు? ఒకే భుజాన్ని ఇద్దరు పరీక్షిస్తే ముడిని చెరో చోట చూపించడం మామూలే. ఆ ట్రిగ్గర్ పాయింట్ సిద్ధాంతాన్నే ఆస్ట్రేలియా డాక్టర్ క్విన్ట్‌నర్ బృందం 2015లో గట్టిగా ప్రశ్నించింది. మసాజ్ సంగతి చూడండి: 2014లో అమెరికాలో, దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 228 మందితో ఒక పరీక్ష జరిగింది. గంటసేపు, వారానికి రెండు మూడుసార్లు చేయించుకున్నవాళ్ళకి గుణం కనిపించింది. అరగంటవాళ్ళకి, ఏమీ చేయించుకోనివాళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ తమ్ముడికి దొరికేది అరగంటే. మొత్తం మూడువేల రెండొందలు!

బీపీటీ_ఇంటర్న్
వాళ్ళకి చేసింది మసాజ్ ఒక్కటే అన్నా. మేం నొక్కి వదిలెయ్యం, వ్యాయామం కూడా నేర్పిస్తాం.

ఆధారం_చూపండి
మరి పని చేసేది నొక్కడమా, వ్యాయామమా? 2011లో డెన్మార్క్‌లో 198 మంది ఆఫీసు ఉద్యోగులతో చేసిన పరీక్షలో రబ్బరు బ్యాండు పట్టుకుని చేతులు పక్కలకి లేపించారు. వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు నిమిషాలు. పది వారాలకు మెడ, భుజం నొప్పి తగ్గింది. పన్నెండు నిమిషాలు చేసినవాళ్ళకీ ఇంచుమించు అంతే. అక్కడ ఎవరూ ఎవర్నీ నొక్కలేదు.

లాంగ్‌టర్మ్_అమ్మ (విజయవాడ)
మా అమ్మాయి నీట్ లాంగ్‌టర్మ్. నొప్పితో చెయ్యి లేపలేని పిల్లని బ్యాండు లాగమంటే ఎలా లాగుతుంది బాబూ? మూడు సిట్టింగ్‌లు చేయిస్తే రాత్రి నిద్ర పట్టింది, ఆ తర్వాతే వ్యాయామం మొదలెట్టింది. ఇప్పుడు హాస్టల్లో కిటికీ ఊచకి బ్యాండు కట్టి పొద్దున్నే చేస్తోంది. ఒడిలో పెట్టుకుని చదివే పుస్తకం కూడా పీట మీదకి ఎక్కించాం. ఆ మూడు సిట్టింగ్‌ల డబ్బు వృథా అనుకోను.

ఆధారం_చూపండి
అమ్మా, మీరన్న మూడు నాకూ న్యాయంగానే ఉన్నాయి. నా గొడవ ఎనిమిది కావాలని ముందే చెప్పెయ్యడం మీద.

బీపీటీ_ఇంటర్న్
అది నేనూ ఒప్పుకుంటా. తమ్ముడూ, ఒక్కటి చెప్పు. చేతిలోకి తిమ్మిరి దిగుతోందా? పెన్ను పట్టు జారుతోందా? ఉంటే నొక్కించుకోవడం ఆపి ముందు డాక్టర్‌కి చూపించు. ఇంకో మాట, కటింగ్ షాపులో మెడ టక్కున విరిపించుకోకు. అరుదే గానీ, ఆ కుదుపుకి మెదడుకి వెళ్ళే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చినవాళ్ళున్నారు.

గ్రూప్స్_రెండోసారి
తిమ్మిరి లేదక్కా. మెడ మాత్రం ప్రతి కటింగ్‌కీ విరిపించుకుంటున్నా, ఇక మానేస్తా. ఇంకో రెండు సిట్టింగ్‌లకే వస్తానని, వ్యాయామం మొత్తం ఆ రెండింట్లోనే నేర్పమని అడుగుతా. బ్యాండు ఎంత గట్టిది కొనాలి?

బీపీటీ_ఇంటర్న్
పదిహేనుసార్లు లేపేసరికి భుజం అలిసేంత. అంతకన్నా గట్టిది ఇప్పుడే వద్దు.