గూగుల్ డాక్‌లో పిల్లోల్లు రాసిందంతా ఎగిరిపోయింది, మళ్ళీ వస్తుందా?

అడిగింది: అనంతపురం, తెలుగు టీచర్
8వ తరగతి పిల్లోల్లతో మన సీమ మాటలు పోగు చేయిస్తాండా సార్, ఇంట్లో అవ్వనో తాతనో అడిగి ఎర్రగడ్డ, ఉర్లగడ్డ, బొరుగులు, ఊరిబిండి ఇట్లాంటివన్నీ ఒకే గూగుల్ డాక్‌లో రాయమని వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టినా, లింకు ఉన్నోళ్లు ఎవరైనా ఎడిట్ చేసేట్టు. రెండ్రోజులు బాగా నడిచింది. నిన్న రాత్రి తెరిస్తే మూడు పేజీలు ఖాళీ, పైన "హాయ్" అని ఒక్క మాట ఉంది. ఎవరు చేసినారో తెలీదు, పైన చూస్తే ఏవో జంతువుల బొమ్మలు. మళ్ళీ మొదటి నుంచి రాయించాల్నా?

కర్నూలు, లెక్కల సార్
అక్కర్లేదు మేడం. ఫోన్ పక్కన పెట్టి కంప్యూటర్లో తెరవండి. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, కుడిపక్క తేదీ టైము వరసగా వస్తాయి, "హాయ్"కి ముందరి టైము నొక్కితే మీ మాటలన్నీ కనపడతాయి. అయితే ఆత్రపడి రీస్టోర్ కొట్టొద్దు, కొడితే డాక్ మొత్తం ఆ టైముకు పోతుంది, తర్వాత ఎవరన్నా రాసింటే అది మళ్ళీ హిస్టరీలోనే వెతుక్కోవాల. ఆ టైము పక్కన మూడు చుక్కలు నొక్కి కాపీ చేసుకోండి, అది సేఫు.
జంతువులంటే మీరు ఐడీతో షేర్ చేయకుండా ఊరికే లింకుతో వచ్చినోళ్లు. పేర్లు కావాలంటే జీమెయిల్ ఐడీలతో షేర్ చేయాల.

అనంతపురం, తెలుగు టీచర్
వచ్చినాయి సార్!! చానా థ్యాంక్స్. కానీ ఐడీలంటే కష్టం, ఇండ్లల్లో ఫోన్ నాయనదే, పేరూ నాయనదే వస్తుంది.

కడప, సోషల్ టీచర్
మాకూ అదే గొడవ అక్కా. ఒకే డాక్‌లో ఒకేసారి 100 మంది దాకా రాయొచ్చు నిజమే, కానీ ఒకే పేజీలో అంతమంది పడితే సంతే. మేము గూగుల్ షీట్‌కి మారినాం. గ్రూపుకు ఒక ట్యాబు, ఒక్కో గ్రూపు లీడర్ ఐడీకి మాత్రమే ఎడిటర్, మిగతా అందరికీ లింకు కామెంటర్‌గా. డేటా మెనూలో ప్రొటెక్ట్ అని ఉంది, దాంతో ఒక లీడర్ ఇంకో గ్రూపు ట్యాబు ముట్టుకోకుండా చేసినాం. ఆ ఐడీ ఎవరి నాయనదో ఒక పేపర్ మీద రాసుకుంటే సరిపోయె.
కాలమ్స్ మాత్రం ముందే అనుకోండి. మా క్లాసులో ఒకడు "బుడ్డలు" అని రాస్తే ఇంకోడు తుడిచేసి "శెనక్కాయలు" అని పెట్టినాడు, వాడు మళ్ళీ మార్చినాడు, ఒకటే కొట్లాట. మాట, అర్థం, ఏ ఊరు, ఎవరు చెప్పినారు అని నాలుగు కాలమ్స్ పెట్టినాక రెండూ ఉన్నాయి, తుడవడం పోయి కామెంట్లలో వాదించుకుంటున్నారు. నాకైతే లిస్టు కంటే ఆ కామెంట్లే ఇష్టం.

కర్నూలు, లెక్కల సార్
షీట్‌లో ఇంకోటి, గడి మీద రైట్ క్లిక్ చేస్తే ఎడిట్ హిస్టరీ వస్తుంది, ఆ ఒక్క గడి ఎవరు మార్చినారో చూడొచ్చు.

అనంతపురం, తెలుగు టీచర్
ఈరోజే షీట్ చేసినా. "హాయ్" సంగతి కూడా తెలిసింది, పొద్దున ఒక పాప దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది, ఫోన్ మా తమ్ముని చేతిలో ఉన్న్యాది టీచర్, వానికి ఆ రెండక్షరాలే వస్తాయి అని.