బానెట్ మీద రాళ్ల దెబ్బలకు రంగు లేచిపోయింది: ఉప్పుగాలిలో తుప్పు పట్టకుండా ఏం చేయాలి?

ప్రశ్న (రాజోలు నుంచి)

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఒక పల్లె. ఉద్యోగరీత్యా వారానికి ఆరు రోజులు 216వ జాతీయ రహదారి మీద చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి వస్తుంటాను. నాలుగేళ్ల క్రితం కొన్న మెటాలిక్ నీలం రంగు కారు. కిందటి నెలలో గ్రావెల్ తోలే టిప్పర్ వెనుక వస్తుండగా, దానికి పట్టా కప్పకపోవడం వల్ల రాళ్లు జారి, రోడ్డు మీద పడి ఎగిరి, నా కారు బానెట్‌కు తగిలాయి. ముందు అంచున లెక్కపెడితే 11 చోట్ల రంగు లేచిపోయింది. ఆవగింజంత, మినపగింజంత మచ్చలే గాని, రెండింటి నడుమ అప్పుడే గోధుమరంగు చుక్క కనిపిస్తోంది. ముందు అద్దానికి పైన, టాప్ అంచున ఇంకొకటి ఉంది. అక్కడ గోరు ఆనిస్తే రంగు పెచ్చు కదులుతోంది.

ఒక షాపువారు బానెట్ మొత్తానికి రంగు వేయాలంటున్నారు, మరొకరు టచప్ చాలునంటున్నారు. నా భయానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఎడమ తలుపు కింది భాగంలో ఇలాంటి దెబ్బకే టచప్ చేయిస్తే, తుప్పు గీకకుండానే పైన రంగు పూశారు. ఒక్క వర్షాకాలం గడిచేసరికి అది పొక్కులా ఉబ్బింది, చిదిమితే లోపల రేకు పొడిగా రాలింది. మా ఇంటి చుట్టూ రొయ్యల చెరువులు, సముద్రం కూడా దూరం కాదు. ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా? ఏది ముందు, ఏది తరువాత చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (పాలకొల్లు, కార్ల పెయింటింగ్ పని)

బానెట్ మొత్తం రంగు వేయించవద్దండి. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నవాడిగా, నాకు వచ్చే ఆదాయం పోతుందని తెలిసినా ఈ మాట చెబుతున్నాను. ఫ్యాక్టరీలో రేకుకు మొదట ఫాస్ఫేట్ పూత, తరువాత కరెంటు సాయంతో పట్టించే ప్రైమర్ (రంగు కింద వేసే పూత), దాని మీద మరో ప్రైమర్, రంగు, చివరికి క్లియర్ కోటు (రంగు లేని పారదర్శకమైన పైపూత) వేస్తారు. అన్నీ కలిపినా మందం 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే రెండు తలవెంట్రుకలంత. కాని ఆ పూతలను అక్కడ 140 డిగ్రీలు, అంతకు పైబడిన వేడిలో కాలుస్తారు. బండి పూర్తిగా తయారైన తరువాత ప్లాస్టిక్, వైరింగ్ ఉంటాయి కనుక, ఎంత మంచి షాపులోనైనా 60 డిగ్రీల దగ్గర ఆగవలసిందే. 11 మచ్చల కోసం ఆ గట్టి పూతను గీకేయడం నష్టం.

ముందుగా పగటి వెలుతురులో, వీలైతే భూతద్దంతో, ఒక్కొక్క మచ్చ అడుగున ఏముందో చూడండి. మాసిన బూడిదరంగు కనిపిస్తే ప్రైమర్ ఇంకా ఉన్నదని అర్థం, అక్కడ తొందర లేదు. వెండిలా మెరిస్తే రేకు బయటపడింది. గోధుమరంగు అయితే తుప్పు మొదలయింది, పైకి కనిపించే చుక్క కంటే లోపల రంగు కిందకు అది ఎక్కువ మేర పాకి ఉంటుంది. మీ తలుపు దగ్గర జరిగినది ఇదే. ఉప్పు చేరిన తుప్పు గాలిలోని తేమను లాక్కుంటూ, పైన రంగు కప్పినా లోపల పెరుగుతూనే ఉంటుంది.

కనుక కడగడమే మొదటి పని. మీ ప్రాంతంలో చాలాచోట్ల బోరునీరు ఉప్పు, దానితో కడిగితే పుండు మీద ఉప్పు చల్లినట్టే. కుళాయి నీటితో రెండుసార్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో మైనం, జిడ్డు తుడవండి. కదిలే పెచ్చును బ్లేడు మొనతో, గట్టిగా అంటుకున్న రంగు తగిలేదాకా తీసేయాలి. మచ్చ పెద్దదవుతుందని జాలిపడవద్దు. తుప్పు ఉన్నచోట 400 నంబరు వాటర్ పేపరును పెన్సిల్ వెనుక రబ్బరుకు అంటించి, రేకు తెల్లగా తేలేవరకు తిప్పండి. గుంటల్లో మిగిలిన నలుసు కోసం, తుప్పును నల్లని గట్టిపొరగా మార్చే టానిక్ ఆమ్లపు ద్రవాన్ని ఒక చుక్క పెట్టి, డబ్బా మీద రాసినంతసేపు వదిలేయండి.

రేకు తేలినచోట ఎపాక్సీ ప్రైమర్ పలుచగా పెట్టాలి. అది ఆరిన తరువాతే రంగు. రంగు కోడ్ మీ డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్తంభం మీదనో, బానెట్ లోపలి ప్లేటు మీదనో ఉంటుంది, దానినిబట్టే కలిపించండి. టచప్ సీసా మూతకున్న బ్రష్‌ను వాడవద్దు, అది మచ్చ చుట్టూ పూసేస్తుంది. పళ్లపుల్ల కొనకు చిన్న బొట్టు తీసుకుని గుంట నడుమ ఆనించండి. రంగు తనంతట తానే అంచుల దాకా పాకుతుంది, ఆరేకొద్దీ కిందికి దిగుతుంది. అరగంట ఆగి మళ్లీ ఒక బొట్టు పెట్టండి. ఇలా మూడు నాలుగుసార్లు పెట్టి, చుట్టూ ఉన్న మట్టానికి కాస్త కింద ఉండగా ఆపి, మిగిలిన లోతును క్లియర్ కోటుతో నింపండి. వారం ఆగిన తరువాత 2000 నంబరు పేపరును నీటితో తడిపి, ఆ బుడిపె మీద మాత్రమే రుద్ది, కంపౌండ్ (మెరుగు పెట్టే పేస్టు) పట్టించండి. మెటాలిక్ రంగు కావడం వల్ల దగ్గరగా చూస్తే మచ్చ తెలుస్తుంది, ఎందుకంటే స్ప్రేలో పడుకున్నట్టుగా ఆ మెరుపు రేణువులు బొట్టులో పడుకోవు. తుప్పు ఆగడమే ఇక్కడ ముఖ్యం.

టాప్ అంచున ఉన్నదానిని మాత్రం మీరు ముట్టుకోవద్దు. తుప్పు అద్దం కింది గమ్ దాకా పాకితే గమ్ పట్టు వదిలి, వాన నీరు లోపలికి దిగుతుంది. అనుభవమున్నవారికి చూపించండి.

జవాబు 2 (అమలాపురం నుంచి)

పెయింటర్ గారు చెప్పినదంతా నిజం. ఎప్పుడు చేయాలో నేను కలుపుతాను, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. పోయిన శ్రావణంలో సాయంత్రం వాన వెలిసాక, మేఘం తేలిందని కారు తుడిచి క్లియర్ కోటు పెట్టాను. పది నిమిషాల్లో అది పాలు కలిపినట్టు తెల్లబారింది. థిన్నర్ ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలో తేమ దండిగా ఉంటే ఆ చల్లని చోట నీరై దిగి రంగులో కలిసిపోతుంది. మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.

మన కోనసీమలో సంక్రాంతి తరువాత, మంచు విడిపోయి ఎండెక్కిన పది గంటల నుంచి మధ్యాహ్నం మూడు వరకు అన్నిటికంటే మంచి సమయం. తెల్లవారుజామున బానెట్ మీద మంచు చెమ్మ చేత్తో తీస్తే తెలిసేటంతగా ఉంటుంది. అప్పుడు తుడిచినా గుంటల్లో తడి మిగులుతుంది. అలాగని ఎండలో కాలుతున్న రేకు మీద కూడా పెట్టవద్దు, పైపొర ముందే గట్టిపడి లోపల బుడగలు వస్తాయి. వసారాలో నీడన, అరచేయి ఆనించగలిగే వేడిలో పెట్టండి. సంక్రాంతి దాకా ఆగలేనంటే, తుప్పు గీకి ప్రైమర్ ఒక్కటీ ఏదో ఒక పొడి మధ్యాహ్నం ఇప్పుడే పెట్టేయండి. అందం తరువాత చూసుకోవచ్చు.

జవాబు 3 (భీమవరం నుంచి)

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిములో తప్పనిసరిగా 1,000 రూపాయలు మనమే భరించాలి. జీరో డిప్రిసియేషన్ (వస్తువు పాతబడిందని డబ్బు కోయకుండా చేసే అదనపు కవరు) లేకపోతే రంగు సామగ్రి ఖర్చులో సగం కోసేస్తారు. అన్నిటికీ మించి నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, వరుసగా ఐదేళ్లు నిలుపుకుంటే అది 50 శాతానికి చేరుతుంది. ఇంత చిన్న పనికి దానిని వదులుకోవడం నాకు సమంజసంగా తోచడం లేదు. టాప్ దగ్గర తుప్పు లోతుగా ఉందని తేలితే అప్పుడు లెక్క వేసుకోండి.

ప్రశ్నించినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలండి. ఇవాళ భూతద్దంతో చూశాను: ఏడు మచ్చల్లో బూడిదరంగు, రెండింటిలో మెరిసే రేకు, రెండింటిలో తుప్పు. టాప్ సంగతి ఆదివారం పాలకొల్లులో చూపిస్తాను. ఇకముందు దెబ్బలు తగలకుండా సెరామిక్ కోటింగ్ వేయిస్తే ఉపయోగమా?

జవాబు 1 (పాలకొల్లు)

సెరామిక్ కోటింగ్ నీరు, మురికి నిలవకుండా చేస్తుంది గాని రాయిని ఆపదు. రాయిని ఆపేది పీపీఎఫ్, అంటే 200 మైక్రాన్ల వరకు మందం ఉండే పారదర్శకమైన పాలీయురేథేన్ పొర. ఖరీదు ఎక్కువ కనుక బండి అంతటికీ అక్కరలేదు, బానెట్ ముందు అంచుకు, బంపరుకు సరిపోతుంది. కొత్త టచప్ మీద వెంటనే అంటించవద్దు, కనీసం ఒక నెల ఆరనివ్వండి. ఈలోగా రొయ్యల లోడు లారీల వెనుక వెళ్లిన రోజున, ఇంటికి రాగానే కుళాయి నీటితో బానెట్, చక్రాల పైభాగం ఒకసారి కడగండి. వాటి నుంచి రోడ్డు మీద కారే నీరు ఉప్పునీరే.