లిఫ్ట్ చేసిన పికప్‌కి ఎయిర్ బ్యాగులా, ఇంకో కమాన్ పట్టీనా?

నర్సంపేట మిర్చి

నమస్తే అన్నలూ. నాది డబుల్ క్యాబ్ పికప్, వైట్ ప్లేటు (సొంత వాడకం). పొలానికీ ఇంటికీ అదే బండి. నిరుడు లిఫ్ట్ చేయించాను, అంటే బండి ఎత్తు రెండంగుళాలు పెంచమన్నాను. ముందు కాయిల్ స్ప్రింగుల మీద స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మెలు), వెనక కమాన్ల (ఉక్కు పట్టీల స్ప్రింగుల) కొసను ఛాసిస్‌కి కలిపే షాకిల్స్ పొడుగువి వేసి, షాకబ్జర్లు నాలుగూ పొడుగువి పెట్టారు. ఖాళీగా ఉన్నప్పుడు దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. మిర్చి బస్తాలు వేశానంటే మాత్రం వెనక భాగం కూలబడి, ముక్కు ఆకాశం చూస్తుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కి తెల్లారకముందే చేరాలని మూడింటికి బయల్దేరుతాను. ఎదురొచ్చే ప్రతి లారీవాడూ లైట్లు కొడతాడు. నేను డిమ్‌లోనే ఉన్నానని వాడికి ఎట్లా చెప్పాలి? స్టీరింగ్ కూడా చేతిలో తేలిపోతున్నట్టు ఉంటుంది.

లిఫ్ట్ చేసిన షాపువాళ్లు వెనక ఎయిర్ బ్యాగులు, అంటే కమాన్లకు తోడుగా గాలి నింపే రబ్బరు సంచులు, వేయించుకుంటే అన్నీ సర్దుకుంటాయి అంటున్నారు. వాళ్లు చెప్పిన రేటు ఇంట్లో చెబితే బండే అమ్మేయమంటారు. మా దగ్గరి కమాన్ మేస్త్రీ ఏమో, ఒక్కో పక్క ఒక్కో పట్టీ ఎక్కిస్తే పోయేదానికి గాలి సంచులెందుకని నవ్వాడు. మామూలుగా పన్నెండు బస్తాలు వేస్తాను, బస్తా నలభై కిలోలు. ఏది మంచిది? వాడినవాళ్లు చెప్పండి.

హనుమకొండ రైడర్

నేను రెండేళ్లుగా వాడుతున్నాను తమ్ముడూ. నా ఓటు బ్యాగులకే.

ముందు ఒక మాట. ఫార్చ్యూనర్ లాంటి వెనక కాయిల్ ఉన్న బండ్లకు కాయిల్ లోపల దూర్చే చిన్న సంచులుంటాయి, అవి వేరు. వి-క్రాస్, హైలక్స్ లాంటి పికప్‌లకు వెనక కమాన్లు కాబట్టి మనకు వచ్చేవి కమాన్‌కూ ఛాసిస్‌కూ మధ్య నిలబడే పెద్ద బ్యాగులు. కమాన్లు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి, బ్యాగు పక్కన భుజం పడుతుంది, అంతే.

వీటిలో సుఖం ఏమిటంటే బరువుని బట్టి మార్చుకోవచ్చు. ఖాళీగా ఉంటే నేను గాలి 8 పాయింట్లు (పీఎస్‌ఐ) ఉంచుతాను, లోడ్ ఉంటే 35, 40. మేడారం పోయినప్పుడు మా అమ్మకూ మా అక్క కొడుక్కూ నిలువెత్తు బంగారం మొక్కు ఉండె. ఇద్దరి బరువంత బెల్లం, వంట సామాను, టెంటు, ఆరుగురం మనుషులం. ములుగు దాటాక కూడా బండి సమంగా పోయింది. తిరిగొచ్చేటప్పుడు గాలి తగ్గించాను, మెత్తగా వచ్చింది. పట్టీ ఎక్కిస్తే అది రోజూ అక్కడే ఉంటుంది. బండి ఖాళీగా ఉన్న రోజు ప్రతి గుంతా నీ నడుముకు తెలుస్తుంది.

కాజీపేట కమాన్

రైడర్ తమ్మీ, నువ్వు చెప్పేది మేస్త్రీ సరిగ్గా చేయని పట్టీ గురించి. పై పట్టీలతో కలిపి వంపు పెట్టి బిగిస్తే బండి గట్టిపడుతుంది, నిజమే. అడుగున చదును పట్టీ వేస్తే ఖాళీ బండికి అది తగలనే తగలదు. బరువు పడి పైవి వంగినప్పుడే పనిలోకి దిగుతుంది. ముప్పై ఏండ్ల నుంచి ఇసుక బండ్లకూ గ్రానైట్ బండ్లకూ కమాన్లు కడుతున్నాను. పట్టీ విరిగినా బండి ఇల్లు చేరుతుంది. సంచి పగిలితే ఏం చేస్తావు?

ఒకటి మాత్రం పైలం. పట్టీ పెరిగితే కమాన్‌ని ఇరుసుకు పట్టే పాత యూ బోల్టులు పొడవు చాలవు, కొత్తవి వేయించాలి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. మా దగ్గరికి విరిగి వచ్చే సెంటర్ బోల్టుల్లో (పట్టీలను నడిమిన కలిపి పట్టేవి) చాలా మటుకు ఈ రెండో బిగింపు చేయించనివే.

హనుమకొండ రైడర్

సంచి పగిలితే ఏమైందో చెబుతా అన్నా, నాకు జరిగింది. బిగించిన చోట గాలి పైపుని సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా తీసుకుపోయారు. తాడ్వాయి అడవిలో ఎడమ వైపు బుస్సుమంది. బండి దిగి చూస్తే పైపు కరిగి నల్లగా అంటుకుని ఉంది. కుడి బ్యాగులో గాలి ఉంది, ఎడమ దానిలో లేదు, బండి వాలింది. కుడివైపు వాల్వు నొక్కి అది కూడా సమానం చేసి, మెల్లగా ఏటూరునాగారం దాకా పోయాను. కమాన్లు ఉన్నాయి కాబట్టి బండి ఆగలేదు. తప్పు బ్యాగుది కాదు, బిగించినవాడిది.

ఖని వెల్డర్

ఇద్దరూ మంచి మాటలే చెప్పారు గానీ అసలు సంగతి ఛాసిస్‌ది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

కావడి మోసేవాణ్ని చూశారు కదా. బద్ద మధ్యలో భుజం మీద, రెండు కొసలూ కిందికి వంగి ఉంటాయి. అదే బద్దని రెండు కొసల దగ్గర ఇద్దరు పట్టుకుంటే అంత వంగదు. కమాన్ ఛాసిస్‌ని రెండు చోట్ల పట్టుకుంటుంది: ముందు హ్యాంగర్ దగ్గర, వెనక షాకిల్ దగ్గర. కంపెనీ ఛాసిస్‌ని ఆ లెక్కతోనే కట్టింది. ఎయిర్ బ్యాగు సరిగ్గా హౌసింగ్ (వెనక ఇరుసు) మీద, ఒకే చోట నుంచి పైకి తోస్తుంది. గాలి ఎంత ఎక్కువ కొడితే అంత బరువు రెండు చివర్ల నుంచి ఆ ఒక్క చోటికి మారుతుంది. బరువంతా వెనక తలుపు దగ్గర పెట్టి, దాని వెనక ట్రాలీ తగిలించి, గుంతల్లో గట్టిగా నడిపితే ఛాసిస్ వంగుతుంది. ఆస్ట్రేలియాలో డబుల్ క్యాబ్‌లకు కారవాన్లు కట్టి తిరిగేవాళ్లకు ఇది బాగా తెలిసిన గొడవ. డబుల్ క్యాబ్‌లో వెనక బాడీ సగానికి పైగా ఇరుసు వెనకే ఉంటుంది చూడండి.

బ్యాగు డబ్బా మీద 5,000 పౌండ్లు, అంటే 2,268 కిలోలు అని ఉంటుంది. చాలామంది దాన్ని చూసి మురిసిపోతారు. ఆ లెక్క బ్యాగుది. నీ ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు ఎంత మోస్తాయో అంతే మోస్తాయి. తమ్మీ, ఆర్సీ తీసి ఖాళీ బరువుకూ మొత్తం బరువుకూ తేడా చూడు. పన్నెండు బస్తాలంటే 480 కిలోలు, నువ్వూ ఇంకొకరూ అదనం.

పరకాల నల్లకోటు

వెల్డర్ గారు ఆర్సీ అన్నారు కాబట్టి ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణలో, అట్లా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు అని పెట్టారు, రెండూ కూడా వేయవచ్చు. ఓవర్‌లోడ్‌కు 20,000, పైన ప్రతి టన్నుకు 2,000. బ్యాగు, పట్టీ గొడవ తర్వాత, మీ లిఫ్టే మొదటి ప్రశ్న. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాడు ముందు చూసేది దాన్నే.

కాజీపేట కమాన్

వకీలు సాబ్, ఆ లెక్కన మా షాపు ముందు నిలబడ్డ బండ్లన్నీ జైలుకే.

మిర్చి తమ్మీ, ఒకటి అడుగుతా. షాకిల్ ఎంత పెంచారు? హౌసింగ్ రెండు కొసల మధ్యలో ఉంటుంది కదా, షాకిల్ రెండంగుళాలు పొడుగు చేస్తే బండి లేచేది ఒక్క అంగుళమే. టేపు పెట్టి కొలిచి చెప్పు. చక్రం నడిమి బొడిపె నుంచి మడ్‌గార్డు అంచు దాకా, నాలుగు చక్రాలూ. ఖాళీగా ఒకసారి, లోడ్‌తో ఒకసారి.

నర్సంపేట మిర్చి

కొలిచాను అన్నా. మా బావ బండికి లిఫ్ట్ లేదు, అదే మోడల్, దాని పక్కన పెట్టి చూశాను. ఖాళీగా: ముందు రెండంగుళాలు ఎక్కువ, వెనక ఒక్క అంగుళమే ఎక్కువ. మీరు చెప్పింది అక్షరాలా నిజం. రెండంగుళాలని చెప్పి ముందుకు రెండు, వెనకకు ఒకటి లేపి పంపారు. పన్నెండు బస్తాలు వేస్తే వెనక మూడున్నర అంగుళాలు దిగింది, ముందు అర అంగుళం పైకి లేచింది.

ఆర్సీ కూడా చూశాను. ఇద్దరం కూర్చున్నాక అయిదు బస్తాలకే లెక్క అయిపోయింది. ఇన్నాళ్లూ పన్నెండు వేస్తున్నాను. మా నాయనకు చెబితే, ఎడ్ల బండి మీద ఇంతకన్నా ఎక్కువ వేసేవాళ్లం అన్నాడు.

ఖని వెల్డర్

ఎడ్లు మొండికేస్తాయి కాకా, బండి మొండికేయదు.

హనుమకొండ రైడర్

సరే, బరువు సంగతిలో వెల్డరన్న మాటే నిజం, ఒప్పుకుంటున్నాను. నేను 40 పాయింట్లు దాటనిది కూడా అందుకే. అయితే అయిదు బస్తాలకైనా వెనక కొంత దిగుతుంది, ఇంట్లోవాళ్లు ఎక్కుతారు, రోజూ బరువు మారుతుంది. అటువంటి వాడకానికి గాలే బాగుంటుంది. ఒకవేళ వేయిస్తే నేను దెబ్బతిని నేర్చుకున్నవి చెబుతాను.

రెండు బ్యాగులకు ఒకే పైపు కలిపి ఒకే వాల్వు పెడతామంటారు. వద్దను. మలుపులో బరువు ఒక పక్కకు పడినప్పుడు అక్కడి గాలి రెండో బ్యాగులోకి పోయి బండి ఇంకా వాలుతుంది. దేని వాల్వు దానికి, నంబర్ ప్లేటు పక్కన పెట్టించు, కొట్టుకోవడం తేలిక. పైపుని కొత్త బ్లేడుతో నిటారుగా కోయాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కి కోస్తే కొస చప్పటై గాలి కారుతుంది. బిగించాక సబ్బు నురగ పూసి చూడు, రాత్రంతా వదిలి పొద్దున మళ్లీ గేజీ పెట్టు. గాలి ఎప్పుడూ సున్నా చేయకు, కనీసం 5 పాయింట్లు ఉంచు, లేకపోతే రబ్బరు మడతపడి నలుగుతుంది. పెట్రోల్ బంకులో కొట్టిస్తే చిన్న చిన్నగా కొట్టమను. బ్యాగు టైరంత ఉండదు, ఒక్క నొక్కుకే పైకి పోతుంది. సైలెన్సర్ వైపు రేకు అడ్డం పెట్టించు, అది నేను మర్చిపోలేను.

ఎంత కొట్టాలంటే, ముందు చక్రం దగ్గర కొలత చూడు. ముందు లేచిన అర అంగుళం దిగి ఖాళీ బండి కొలతకు వచ్చిందా, అక్కడ ఆపేయ్. వెనక అందంగా ఎత్తుగా ఉండాలని ఇంకా కొడితే వెల్డరన్న చెప్పిన కావడి అవుతుంది.

కాజీపేట కమాన్

లిఫ్ట్ బండికి ఇంకొకటి ఉంది, అది షాపువాళ్లు చెప్పరు. బ్యాగు కింద ప్లేటు కమాన్ మీద కూర్చుంటుంది, పై ప్లేటు ఛాసిస్‌కి. హౌసింగ్‌కూ కమాన్‌కూ మధ్య దిమ్మె పెట్టి లేపిన బండి అయితే కమాన్‌కూ ఛాసిస్‌కూ ఉన్న సందు మారదు, బ్యాగు ఉన్నదున్నట్టు సరిపోతుంది. షాకిల్‌తోనో కమాన్ వంపు పెంచో లేపితే ఆ సందు పెరుగుతుంది. అప్పుడు బ్యాగు కింద అంతే మందం స్పేసర్ పడాలి. లేకపోతే బ్యాగు ఎప్పుడూ సాగే ఉంటుంది. నీ షాకబ్జర్లు కూడా పొడుగువి, చక్రం గుంతలో వేలాడినప్పుడు హౌసింగ్‌ని ఆపాల్సింది షాకబ్జరే. దానికంటే ముందు బ్యాగు చివరిదాకా సాగితే ప్లేటు దగ్గర ఊడుతుంది. జాకీ పెట్టి ఛాసిస్ లేపి, చక్రం పూర్తిగా వేలాడేసి, బ్యాగుకి ఇంకా సాగే చోటు ఉందా లేదా చూడమని చెప్పు. చూపించనివాడి దగ్గర వేయించకు.

నన్ను అడిగితే మాత్రం ఆ షాకిల్‌ని అట్లాగే ఉంచుతాను. బ్యాగుల గాలి కోసం గొడవ పడేకన్నా ముందు చక్రాల స్పేసర్ సగం చేయిస్తే ముందూ వెనకా ఒక్కో అంగుళమే ఎత్తు ఉండి ముక్కు దానంతట అదే దిగుతుంది.

హనుమకొండ రైడర్

ముందు స్పేసర్ తగ్గిస్తే అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి, మర్చిపోకు. మిగతా అంతా ఒప్పుకుంటా అన్నా, చదును పట్టీ తప్ప.

నర్సంపేట మిర్చి

రేపు ఆదివారం మార్కెట్ సెలవు. కాజీపేట అన్నా, బండి తీసుకొస్తే ఒకసారి చూస్తారా? బ్యాగులు తర్వాత చూద్దాం, ముందు స్పేసర్, షాకిల్ సంగతి తేల్చుకుందాం. ఇప్పుడు బండిలో తొమ్మిది బస్తాలున్నాయి, సోమవారం మార్కెట్‌కి పోవాలి.

కాజీపేట కమాన్

రా తమ్మీ, పొద్దున తొమ్మిదికి. బస్తాలు ఇంట్లో దించి రా.