సీజన్ మెనూ ఒక్కటే వండే సముద్రపుటొడ్డు హోటల్లో మన కోసం వంట మార్చమని అడగొచ్చా?

ఓస్లో కోడలు:
మార్చిలో నార్వే ఉత్తరాన ఉన్న లోఫోటెన్ దీవులకి వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు. నీళ్ళలో పాతిన కర్రల మీద ఎర్రరంగు చెక్క ఇళ్ళుంటాయి కదా, రోర్బు అంటారు. ఒకప్పుడు చేపల వేటకొచ్చినవాళ్ళు సీజనంతా వాటిల్లో ఉండేవారు, ఇప్పుడు చాలావరకు హోటల్ గదులయ్యాయి. అలాంటి ఒక హోటల్లో రెండు రాత్రులున్నాం. పేరు రాయను. నా ప్రశ్న ఆ ఒక్క హోటల్ గురించి కాదు.

రాత్రి భోజనానికి ఒకటే మెనూ, ఐదు వంటకాలు. ఈ వారం ఇక్కడ దొరికిందే వండుతామని పైన రాసుంది. అత్తగారు శాకాహారి అని బుకింగ్‌లోనే రాశాను. మా ఇద్దరికీ వచ్చినవి నిజంగా చాలా బాగున్నాయి. కాడ్ చేప, దాని గుడ్లు, కాలేయం కలిపి పెట్టిన పళ్ళెం ఇంకా నోట్లోనే ఉన్నట్టుంది. ఆవిడకి మాత్రం మొదట వెన్నలో కాల్చిన కోల్‌రూట్ అనే దుంప ముక్క, తర్వాత బీట్‌రూట్, తర్వాత బంగాళాదుంప, నాలుగోసారి మళ్ళీ అదే కోల్‌రూట్ గుజ్జుగా. ఒక నిమ్మచెక్క ఇవ్వమంటే, మా వంటగదిలో నిమ్మకాయలు వాడమండీ అన్నారు. మర్యాదగానే అన్నారు. చివర్లో కాఫీ తెచ్చారు. కాఫీ నార్వేలో పండుతుందా? బిల్లు ముగ్గురికీ ఒకటే.

గదికొచ్చాక ఆవిడ సంచిలోంచి గోంగూర సీసా తీసి, పొద్దున మిగిలిన రొట్టెకి రాసుకుని తిన్నారు. ఒక్క మాట అనలేదు. నాకే నిద్ర పట్టలేదు. సీజన్ పేరు చెప్పి అతిథికి లేదనడం సరైనదేనా?

ఉప్పుటేరు:
సరికాదండీ. మన ఇంటికి ఎవరైనా కారం తినలేనివాళ్ళు వస్తే పప్పులో మిరపకాయ తీసేసి వండుతాం. అది వండేవాళ్ళ ధర్మం. డబ్బు తీసుకున్నాక ఆ ధర్మం పెరగాలి గానీ తగ్గకూడదు. నిమ్మకాయ ఏ ఊళ్ళో షాపులోనైనా దొరుకుతుంది. పెద్దావిడ నోరు తెరిచి అడిగిందే ఒక్కటి, అదీ ఇవ్వలేదంటే ఎంత గొప్ప వంటైనా నాకు గౌరవం లేదు.

బూదో బాబాయి:
నేను బూదోలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. లోఫోటెన్‌కి పడవ మా ఊరి రేవు నుంచే వెళుతుంది. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మార్చి అంటే ఇక్కడ కూరగాయల కాలం కాదు. లోఫోటెన్ 68 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. నేలలోంచి పచ్చగా ఏదీ రాదు. పోయిన శరదృతువులో తవ్వి దాచిన దుంపలు, క్యాబేజీ, ఎండబెట్టిన పుట్టగొడుగులు, ఊరబెట్టినవి, సముద్రపు నాచు, అంతే. కోల్‌రూట్ మన నూల్‌కోల్‌కి దగ్గరి చుట్టం, లోపల పసుపు రంగు. దాన్ని ఇక్కడివాళ్ళు ఉత్తరాది నారింజ అంటారు. చలికాలంలో విటమిన్ సి దానిలోంచే వచ్చేది కాబట్టి ఆ పేరు.

కానీ సముద్రంలో మాత్రం అదే పండగ కాలం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి లోఫోటెన్ పక్కనున్న వెస్ట్‌ఫ్యోర్డ్‌కి వస్తాయి. అలా వలస వచ్చే కాడ్‌ని స్క్రై అంటారు. మీ ఆయన, మీరు తిన్న పళ్ళెం పేరు మోల్యె. చేప, గుడ్లు, కాలేయం మూడూ తాజాగా ఉంటేనే అది మోల్యె. అందుకే జులైలో అది ఉండదు. పులస గోదారికి ఎదురెక్కినప్పుడే పులస, సముద్రంలో ఉన్నప్పుడు ఇలస. దీన్ని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మిగిలిన చేపని తల తీసి, తోకలు జతగా కట్టి, యెల్ అనే చెక్క పందిళ్ళ మీద వేలాడదీస్తారు. ఉప్పు వెయ్యరు. మన ఎండుచేపకీ దీనికీ అదే తేడా. సముద్రంలో వేడి ప్రవాహం వల్ల అంత ఉత్తరాన ఉన్నా చలికాలం సున్నాకి అటూ ఇటూ ఉంటుంది. మరీ గడ్డకడితే కండ చెడుతుంది, మరీ వెచ్చబడితే ఈగలు వాలతాయి. రెండూ కాని ఆ మధ్య వాతావరణమే వాళ్ళ వంటగది. ఫిబ్రవరిలో కట్టింది వేసవి మొదట్లో దించుతారు. అప్పటికి అయిదు కిలోల చేప ఒక కిలో అవుతుంది. చెక్కలా మోగుతుంది.

ఇక నిమ్మకాయ. ఆ వంటవాళ్ళు పులుపు కోసం వేసవిలో రుబార్బ్ అనే మొక్క పుల్లటి కాడల రసం తీసి దాస్తారు, విరిగిన పాల నీళ్ళు మరిగిస్తారు, తిన్‌వేద్ అనే నారింజరంగు చిన్న పళ్ళు ఏరుతారు. ఒక్క నిమ్మచెక్క బల్ల మీదికొస్తే ఆ పళ్ళెంలో ఆర్నెల్ల పని వినబడదు. వాళ్ళ బాధ అది. అది నాకు అర్థమవుతుంది.

కాఫీ విషయంలో మాత్రం కోడలు గారు పట్టుకున్నది అసలైన పాయింటే. 2004లో కోపెన్‌హేగన్‌లో పన్నెండుమంది నార్డిక్ వంటవాళ్ళు కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు, ఈ సీజనల్ హోటళ్ళన్నిటికీ మూలం అదే. రుతువులు పళ్ళెంలో కనబడాలని అందులో ఉంది. బయటి నుంచి వచ్చే మంచిని మన పద్ధతులతో కలపాలనీ, ఇతర ప్రాంతాలతో మంచి సరుకు ఇచ్చిపుచ్చుకోవాలనీ కూడా అందులోనే ఉంది. బయటి సరుకు ముట్టుకోవద్దని ఎక్కడా లేదు. లోఫోటెన్ బతికిందే ఇచ్చిపుచ్చుకోవడం మీద. ఎండుచేప ఇటలీకి వెళ్ళింది, ధాన్యం ఇక్కడికొచ్చింది. కాబట్టి నిమ్మకాయ లేదనడానికి సీజన్‌ని అడ్డం పెట్టుకోకూడదు. "మా రుచికి అది సరిపోదు, కావాలంటే రుబార్బ్ రసం ఇస్తాం" అని చెప్పి, ఆ రసం చిన్న గిన్నెలో తెచ్చి పెట్టి ఉంటే మీ అత్తగారు సంతోషించేవారు.

తెనాలి:
ఒక మాట అడుగుతాను, ఎవరూ కోపం తెచ్చుకోకండి. శాకాహారులు చేపల సీజన్‌లో చేపల ఊరికి ఎందుకెళ్ళాలి? మంగళగిరి పానకాలస్వామి గుడికెళ్ళి పానకం వద్దు, మజ్జిగ ఇమ్మన్నట్టుంది.

ఓస్లో కోడలు:
తెనాలి గారూ, మేం చేపలు చూడ్డానికి వెళ్ళలేదు. అత్తగారికి ఆకాశంలో ఆ పచ్చ వెలుగు, అదే నార్తర్న్ లైట్స్, చూపిద్దామని వెళ్ళాం. రెండో రాత్రి కనబడింది కూడా. చలిలో గంటసేపు చేతులు జోడించుకుని నిలబడ్డారు. కుటుంబంతో వెళ్ళేటప్పుడు అందరి తిండీ ఒకటి కాదు. చుట్టుపక్కల ఇంకో హోటల్ తెరిచి లేదు. అలాంటి చోట ఇష్టముంటే తిను, లేకపోతే మానెయ్ అనడం కుదరదు.

గరిటె:
అక్కా, నేను లోపలివైపు నుంచి చెబుతాను. డెన్మార్క్‌లో చదువుకునేటప్పుడు రెండు వేసవులు ఒక బాదెహోటెల్ వంటగదిలో పనిచేశాను. సముద్రస్నానాలకి వచ్చేవాళ్ళ కోసం కట్టిన పాతకాలం హోటళ్ళవి, కొన్ని వేసవిలో మాత్రమే తెరుస్తారు.

జూన్‌లో నా పని కొత్త బంగాళాదుంపలు గీకడం. చెక్కు తీయకూడదు, పల్చటి పొర మాత్రమే బ్రష్‌తో పోవాలి. మధ్యాహ్నమంతా చల్లటి నీళ్ళలో చేతులు. ఇంకోటి, అడవి వెల్లుల్లి పువ్వులు రాలాక వచ్చే పచ్చటి కాయలు, మిరియం గింజంత ఉంటాయి. వాటిని కాడల నుంచి ఒక్కొక్కటీ దువ్వి, ఉప్పులో మూడు వారాలు పెట్టి, తర్వాత వెనిగర్‌లో వెయ్యాలి. ఒక సీసా నిండడానికి నాకో పూట పట్టేది. ఆ సీసా మార్చిలో తెరుస్తారు. బాబాయి గారన్న ఆర్నెల్ల పని అబద్ధం కాదు.

కానీ మా వంటగదిలో చూసింది ఉన్నదున్నట్టు రాస్తాను. శాకాహారి పళ్ళెం గురించి ఆలోచించేది చివర్లో. అందరి పళ్ళెంలోంచీ చేప తీసేస్తే మిగిలిందే వాళ్ళకి వెళ్ళేది. అక్కడే తప్పు. వేరుశనగో, పాలో పడనివాళ్ళ విషయంలో ఎంత టెన్షన్ పడేవాళ్ళమో! యూరప్ నిబంధన ప్రకారం 14 రకాల పదార్థాలు ఉన్నాయో లేదో చెప్పి తీరాలి, అందుకని ప్రతి గిన్నె మీదా చీటీ. అందులో సగం శ్రద్ధ శాకాహారి మీద పెట్టినా, అదే కోల్‌రూట్‌ని ఉప్పుపిండిలో చుట్టి కాల్చి, పొగబెట్టిన వెన్న, ఊరబెట్టిన పుట్టగొడుగులు, ఆ పచ్చ కాయలు పైన చల్లి పెట్టొచ్చు. సరుకంతా అదే వంటగదిలో ఉంది. బయటి నుంచి ఒక్కటీ తేనక్కర్లేదు.

కాబట్టి మెనూ మార్చమని అడగక్కర్లేదు. చేప తిన్నవాళ్ళ పళ్ళెం మీద పెట్టినంత పనీ నా పళ్ళెం మీద పెట్టారా అని అడగాలి. పెట్టి ఉంటే బిల్లు ఒకటే ఉండటం న్యాయం. దుంపలు చవకే గానీ చేతులు చవక కాదు.

ఉప్పుటేరు:
తమ్ముడు చెప్పింది ఒప్పుకుంటాను. బిల్లు గురించి నా మాట ఒకటుంది. నాలుగు పళ్ళేల్లో రెండుసార్లు అదే దుంప పెట్టినవాళ్ళు అంత పని చెయ్యలేదు. తగ్గించాల్సింది. నిమ్మకాయ దగ్గర మాత్రం ఇప్పటికీ నాది అదే మాట. పెద్దావిడ అడిగితే ఇవ్వాలి.

బూదో బాబాయి:
నిమ్మకాయ దగ్గర మనిద్దరికీ కుదరదు, వదిలేద్దాం. కోడలు గారూ, మళ్ళీ వచ్చేటట్టయితే ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో రండి. అడవి పుట్టగొడుగులు, బ్లూబెర్రీ, కొత్త క్యారెట్లు అన్నీ అప్పుడే. రాత్రి మళ్ళీ చీకటి పడటం మొదలవుతుంది, ఆ పచ్చ వెలుగూ కనబడుతుంది. బుకింగ్‌లో వెజిటేరియన్ అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి. వారం ముందు ఫోన్ చేసి, ఐదు వంటకాలూ ఏమిటో ఒక్కొక్కటీ అడగండి. చెప్పలేకపోతే ఇంకోచోట చూసుకోండి.

ఓస్లో కోడలు:
ఇవాళ ఆ హోటల్‌కి ఉత్తరం రాశాను. తిట్టలేదు. ఏం పెట్టారో వరసగా రాసి, గరిటె తమ్ముడు చెప్పిన ఉప్పుపిండి సంగతి కూడా రాశాను. అత్తగారికి ఫోన్ చేసి సెప్టెంబర్‌లో మళ్ళీ వెళదామా అంటే, "వెళదాం, ఈసారి సీసా రెండు తెస్తాను, ఒకటి ఆ వంటవాళ్ళకి ఇద్దాం, వాళ్ళు పులుపు ఎలా దాస్తారో మనకి చెప్పలేదు, మనం ఎలా దాస్తామో చెబుదాం" అన్నారు.