బ్యాంకుల్లో జ్ఞాన నిర్వహణ వ్యవస్థ విజయాన్ని దేనితో కొలవాలి?

నమస్కారం. ఉద్యోగులకు తెలిసిన విషయాలను, అనుభవాన్ని నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉంచే జ్ఞాన నిర్వహణ వ్యవస్థలు కొన్ని బ్యాంకుల్లో నిలదొక్కుకుని, మరికొన్నింటిలో ఎవరూ తెరవని పత్రాల గోదాములుగా ఎందుకు మిగిలిపోతాయన్న అంశంపై పరిశోధన వ్యాసం రాస్తున్నాను.

పరిశోధకులు డెలోన్, మెక్‌లీన్ 1992లో ప్రతిపాదించి 2003లో సవరించిన సమాచార వ్యవస్థల విజయ నమూనాను ఆధారంగా తీసుకున్నాను. అందులోని సమాచార నాణ్యత, వ్యవస్థ నాణ్యత, సేవా నాణ్యతలను ప్రశ్నావళితో కొలవడం కష్టమేమీ కాదు. చిక్కంతా మరోచోట ఉంది. రుణ దరఖాస్తులోని లెక్కలన్నీ సరిపోయినా ఏదో తేడా ఉందని పసిగట్టే సీనియర్ అధికారి నేర్పు ఏ సర్క్యులర్‌లోనూ దొరకదు. ఆయన బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా అది ఆయనతోనే వెళ్లిపోతుంది. పైగా ఖాతాదారుల వివరాల గోప్యత వల్ల నిజమైన ఉదంతాలను యథాతథంగా నమోదు చేయడానికి వీలుండదు. తెలిసినది పంచుకుంటే తమ ప్రాధాన్యం తగ్గుతుందన్న సంకోచమూ కొందరు ఉద్యోగుల్లో ఉంటుంది (దాన్ని ప్రశ్నావళిలో ఎవరూ ఒప్పుకోరనుకోండి).

లాగిన్ల సంఖ్యను కొలమానంగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే తప్పనిసరి కాబట్టి తెరిచేవారికీ, అవసరపడి వెతికేవారికీ అందులో తేడా తెలియదు. అలాంటి నేర్పు నిజంగా ఒకరి నుంచి మరొకరికి చేరిందని దేన్నిబట్టి నిర్ధారించవచ్చు? రుణ విభాగాల్లో గాని, శిక్షణ విభాగాల్లో గాని పనిచేసినవారు తమ అనుభవాన్ని దయచేసి వివరించగలరా?