కిర్గిజ్‌స్తాన్‌లో సోన్‌కుల్ దాకా పెద్దావిడను తీసుకెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. మావాడు బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. జులైలో నేను, మా ఆవిడ, 66 ఏళ్ల మా అత్తగారు వెళ్తున్నాం. బురానా గోపురం గురించి బెంగ లేదు. టోక్‌మోక్ దగ్గరే, ఒకప్పుడు 45 మీటర్లట, భూకంపాలకు కూలి ఇప్పుడు 25 మిగిలింది. లోపలి మెట్లు ఇరుకు, చీకటి. ఆవిడ కింద రాతి బొమ్మల దగ్గర కూర్చుంటారు.

అసలు సందేహం సోన్‌కుల్ గురించి. 3,016 మీటర్ల ఎత్తున సరస్సు, చుట్టూ గుర్రాలు మేసే పచ్చిక. వాళ్లు జైలూ అంటారు (మన జైలు కాదు లెండి!). చెట్టన్నది లేదు కాబట్టి గుడారాల్లో ఎక్కువగా పిడకలతోనే పొయ్యి రాజేస్తారట. అది విన్నాక మా అత్తగారు ‘నేనూ వస్తా’ అని పట్టుబట్టారు. ఆవిడకు బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు. 800 మీటర్ల బిష్కెక్ నుంచి ఒక్కరోజులో అంత ఎత్తుకు వద్దని నాకనిపిస్తోంది. దారిలో కొచ్‌కోర్ ఊళ్లో ఒక రాత్రి ఆగితే చాలా, రెండు కావాలా? డాక్టర్ని ఎలాగూ అడుగుతాం, వెళ్లొచ్చినవాళ్ల అనుభవం కావాలి.

ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. అక్కడ మాంసం, గుర్రప్పాల కుమిస్. గుడారంలో మన అన్నం వండుకోనిస్తారా, అటుకులూ పులిహోర పొడీ మోసుకెళ్లాలా?

తాష్ రబాత్ రాతి సత్రం కూడా చూడాలని నా ఆశ. నారిన్ పట్టణం మీదుగా సోన్‌కుల్, ఇదీ రెండూ కలిపితే ఎన్ని రోజులు పెట్టుకోవాలి? కారు, డ్రైవర్‌కు మీకు ఎంతయింది?